మాస్కు లేదని సరుకు ఇవ్వననవచ్చా?

దుకాణదారుకు ఉన్న హక్కు ఎంత... దాని హద్దు ఎక్కడ?

నరసరావుపేట: ‘మాస్కు లేనిదే లోనికి ప్రవేశం లేదు’ అని ఎర్ర అక్షరాలతో రాసిన రేకు పలకలు, ఎండకు వెలిసిన ఫ్లెక్సీ ముక్కలు కొన్ని కిరాణా కొట్ల గోడలపై నేటికీ కనిపిస్తాయి. 2020 వేసవిలో నాటి గుంటూరు జిల్లాలో కరోనా కేసులు ఎక్కువగా నమోదైన పట్టణాల్లో నరసరావుపేట ఒకటి. కొట్టు ముందు అడ్డంగా కట్టిన తాడు, నేలపై సున్నంతో గీసిన వృత్తాలు, గల్లాపెట్టె దగ్గర సీసా... ఇవన్నీ పోయాయి. బోర్డు మాత్రం మిగిలింది. దానితోపాటు ఒక సందేహమూ మిగిలింది. జ్వరాల కాలం రాగానే, ఎక్కడో కొత్త రకం వైరస్ వచ్చిందన్న వార్త చదవగానే ఆ సందేహం మళ్లీ కౌంటరు దగ్గరకు వస్తుంది. మూతికి గుడ్డ లేదన్న కారణంతో డబ్బు చేతిలో పట్టుకొని నిలబడిన మనిషికి సరుకు ఇవ్వనని వెనక్కి పంపే అధికారం దుకాణదారుకు ఉన్నదా? అలా పంపితే కొనుగోలుదారు ఎక్కడ మొర పెట్టుకోవాలి?

సాధారణ దుకాణం విషయంలో సమాధానం క్లుప్తమే. పంపవచ్చు. అయితే 2020 - 2022 మధ్య పంపడం వేరు, నేడు పంపడం వేరు. అప్పుడు దుకాణదారు ప్రభుత్వ ఉత్తర్వును అమలు చేశాడు. ఇప్పుడు తన సొంత నియమాన్ని అమలు చేస్తున్నాడు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే అటు కొట్టువారూ ఇటు కొనేవారూ ‘చట్టం నా పక్షం’ అనుకొని గొడవకు దిగుతున్నారు.

బేరం ఇద్దరిది

ధర చీటీ కట్టి అద్దాల బీరువాలో పెట్టిన చీరను అడిగినవారికల్లా అమ్మి తీరాలని చాలామంది భావిస్తారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం అది సరికాదు. సరుకును ప్రదర్శనకు ఉంచడం కొనుగోలుదారును ఆహ్వానించడం మాత్రమే. ‘ఈ ధరకు నేను కొంటాను’ అని ముందుకు వచ్చే ప్రతిపాదన కొనుగోలుదారుది. దాన్ని అంగీకరించడమో కాదనడమో దుకాణదారు ఇష్టం. ఆయన అంగీకరించేదాకా ఒప్పందమే పుట్టదు, పుట్టని ఒప్పందాన్ని ఉల్లంఘించాడని దావా వేయడానికి వీలుండదు. దుకాణం ఆవరణ కూడా ప్రైవేటు ఆస్తే. వ్యాపార వేళల్లో లోనికి రావడానికి అందరికీ ఇచ్చేది ఒక అనుమతి. చెప్పులు బయట విడవాలని, సంచి కౌంటరులో అప్పగించాలని, లోపల పొగ తాగరాదని షరతు పెట్టినట్లే మాస్కు షరతూ పెట్టవచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామనే మాట కొనుగోలుదారుల నోట తరచూ వినిపిస్తుంది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టంలో సరుకు అమ్మడానికి నిరాకరించడం ‘అనుచిత వ్యాపార పద్ధతి’గా ప్రస్తావనకు వచ్చిన మాట నిజమే. కానీ ఆ నిరాకరణ ధరలు పెంచే ఉద్దేశంతోనో, పెరిగేందుకు దారితీసేదిగానో ఉండాలని అదే వాక్యం చెబుతుంది. ఉల్లిపాయలు దాచిపెట్టి లేవనడం దాని కిందికి వస్తుంది. మాస్కు పెట్టుకొని రమ్మనడం రాదు.

ఆ రెండేళ్లూ అది విధి

2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాలూ 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద కొవిడ్ నిబంధనలు ప్రకటించాయి. బొంబాయి ప్లేగు కాలంలో తెల్లదొరలు తెచ్చిన ఆ చట్టం మొత్తం నాలుగు సెక్షన్లే. అంత చిన్న చట్టంతో అంత పెద్ద విపత్తును నడపడం సాధ్యం కాదు గనుక కేంద్రం 2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని బయటకు తీసింది. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు బహిరంగ ప్రదేశాల్లోనూ పనిచేసే చోట్లా ముఖం కప్పుకోవడాన్ని దేశమంతటా తప్పనిసరి చేశాయి. జూన్ 8 నుంచి మాల్స్, హోటళ్లు తెరుచుకునేందుకు అనుమతిస్తూ జూన్ 4న కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన నియమావళిలో మరింత స్పష్టత ఉంది. మాస్కు ఉన్నవారిని మాత్రమే లోనికి రానివ్వాలి, లోపల ఉన్నంతసేపూ అది ముఖానే ఉండాలి. అంటే గుమ్మం దగ్గర ఆపడం మాల్ యజమాని మంచితనానికో మొండితనానికో వదిలిన విషయం కాదు, ఆయనకు అప్పగించిన పని.

ఉత్తర్వును ధిక్కరిస్తే ఏమవుతుంది? విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. దానివల్ల ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల వరకు జైలు. పబ్లిక్ సర్వెంట్ ఇచ్చిన ఉత్తర్వును మీరినందుకు భారతీయ శిక్షాస్మృతి 188వ సెక్షన్ అదనం. తెలంగాణ ప్రభుత్వం 2020 మే నెలలో మాస్కు లేనివారికి రూ. 1,000 జరిమానా ప్రకటించింది, రెండో దశ ఉద్ధృతమవుతున్న 2021 ఏప్రిల్‌లో అదే మొత్తాన్ని మళ్లీ ఉత్తర్వుగా ఇచ్చింది. అక్కడ 2020 మే 6న మద్యం దుకాణాలు తెరిచినప్పుడు కూడా మాస్కు లేనివారికి సీసా ఇవ్వరాదనే షరతు పెట్టారు. బారులు తీరిన జనం జేబు రుమాళ్లు, తువాళ్లు చుట్టుకొని నిలబడిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. మాస్కు లేని వ్యక్తికి వేసింది రూ. 100. అసలు భారాన్ని దుకాణంపై మోపింది. 2021 జులైలో రాత్రి కర్ఫ్యూ సడలింపుల వేళ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మాస్కు లేనివారిని అనుమతించిన దుకాణానికి రూ. 10 వేల నుంచి రూ. 25 వేల వరకు జరిమానా, పైగా రెండు మూడు రోజులు మూత. ఒమిక్రాన్ వచ్చిన 2022 జనవరిలోనూ జరిమానా మాట మళ్లీ వచ్చింది. లెక్క వేస్తే సంగతి బోధపడుతుంది. రెండు వందల రూపాయల సరుకు కోసం వచ్చిన మనిషి మాస్కు లేకుండా లోనికి వస్తే ఆయనకు పోయేది వంద. రానిచ్చిన కొట్టు యజమానికి పోయేది పది వేలు, రెండు రోజుల గల్లా. చిన్న కిరాణా కొట్టుకు పది వేలంటే మాటలు కాదు. ఆ రోజుల్లో నిరాకరించిన దుకాణదారును కఠినుడని నిందించినవారు ఈ లెక్క చూడలేదు. పోలీసు చేయవలసిన పనిని ప్రభుత్వం జీతం లేకుండా కొట్టువాడి చేత చేయించిందని చెప్పినా తప్పు లేదు.

అడిగినవారికి ఆ పని ఎంత ప్రమాదకరమో 2020 జూన్ చివరలో నెల్లూరులో బయటపడింది. అక్కడి ఒక ప్రభుత్వ పర్యాటక హోటల్ కార్యాలయంలో మాస్కు పెట్టుకోమన్నందుకు దివ్యాంగురాలైన ఉద్యోగినిపై పై అధికారి దాడి చేసిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆయనపై కేసు నమోదై అరెస్టు అయ్యాడు. నిబంధనల అమలు పేరుతో బలప్రయోగం జరిగితే ఏమవుతుందో మరుసటి నెలలోనే తెలిసింది. ప్రకాశం జిల్లాలో మాస్కు విషయమై పోలీసులు ఆపిన దళిత యువకుడొకరు గాయాలతో మరణించాడు. వాహనం నుంచి దూకాడని పోలీసులు, కొట్టారని కుటుంబీకులు చెప్పారు. ప్రభుత్వం ఆ కుటుంబానికి రూ. 10 లక్షల పరిహారం ప్రకటించింది. మూరెడు గుడ్డ చుట్టూ ఇంత జరిగింది.

మాస్కు కొనలేనివాడి మాటేమిటన్న ప్రశ్న కూడా అప్పుడే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని 2020 ఏప్రిల్‌లో నిర్ణయించి, కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. బజారులో మాస్కే తప్పనిసరి అనలేదు. ముఖం కప్పుకుంటే చాలన్నారు. కండువా, పైట కొంగు, తువాలు చాలునని గ్రామాల్లో అందరికీ తెలిసినా, కంపెనీ మాస్కు ఉంటేనే రానిస్తామన్న దుకాణాలూ లేకపోలేదు. ఉత్తర్వులో లేని షరతును ఉత్తర్వు పేరుతో పెట్టడం అది.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

మాస్కు నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని ఉన్నత న్యాయస్థానాలు ఎక్కడా కొట్టివేసిన దాఖలా కనిపించదు. పైపెచ్చు కారులో ఒంటరిగా వెళ్తున్నా మాస్కు ఉండాల్సిందేనని 2021 ఏప్రిల్ 7న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. రోడ్డుపై నడిచే కారు కూడా ఆ సందర్భంలో బహిరంగ ప్రదేశమేనన్నది న్యాయమూర్తి అభిప్రాయం. కారే బహిరంగ ప్రదేశమైనప్పుడు కొట్టు సంగతి వేరే చెప్పనవసరం లేదు. అయితే శిక్షకు హద్దు ఉందని కూడా సుప్రీంకోర్టు చూపింది. మాస్కు లేనివారిని కొవిడ్ కేంద్రాల్లో సేవకు పంపాలని 2020 డిసెంబరు 2న గుజరాత్ హైకోర్టు ఆదేశించగా, మర్నాడే సర్వోన్నత న్యాయస్థానం ఆ ఆదేశాన్ని నిలిపివేసింది.

టీకా వేయించుకోనివారికి బహిరంగ ప్రదేశాల్లో ప్రవేశం నిరాకరించడంపై 2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం, తన శరీరంపై తనకున్న హక్కు 21వ అధికరణంలో భాగమని, ప్రజారోగ్యం కోసం పరిమితులు పెట్టవచ్చు గాని అవి అప్పటి పరిస్థితికి తగినంతే ఉండాలని చెప్పింది. కేసులు తగ్గిన ఆనాటి స్థితిలో టీకా లేనివారిపై ఆంక్షలు తగినవి కావని పేర్కొంది. మాస్కు ముక్కుపై పెట్టి తీసేసేది, సూది శరీరంలోకి వెళ్లేది. రెంటినీ ఒకే తాసులో తూచలేం. కానీ ప్రభుత్వ ఆంక్ష కాలానికి కట్టుబడి ఉంటుందన్న సూత్రం రెంటికీ ఒకటే.

నేడు ఏది అమలులో ఉంది?

2022 మార్చి 22న కేంద్ర హోంశాఖ కార్యదర్శి రాష్ట్రాలకు లేఖ రాశారు. మార్చి 31 తర్వాత విపత్తు నిర్వహణ చట్టం కింద కొవిడ్ ఉత్తర్వులు ఇకపై జారీ చేయబోమని, మాస్కు, చేతుల శుభ్రతపై ఆరోగ్యశాఖ సూచనలు మాత్రం కొనసాగుతాయని అందులో ఉంది. సూచన ఉత్తర్వు కాదు. సూచనను మీరినవారికి జరిమానా లేదు, మీరినవారిని రానిచ్చిన దుకాణానికీ లేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కొవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. 2025 మే నెలలో కేసులు మళ్లీ వినిపించినప్పుడు రద్దీ ప్రదేశాల్లో మాస్కు ధరించడం మేలని ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ చెప్పింది. అదీ సలహాయే.

కాబట్టి ‘ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు’ అని గోడపై నేటికీ ఉన్న వాక్యానికి విలువ లేదు. ‘మా దుకాణం నియమం’ అని ఉంటే విలువ ఉంది. ఇంట్లో క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషి ఉండి ఆ ఇంటి వసారాలోనే కొట్టు నడిపే వ్యక్తి, దగ్గుతూ వచ్చినవారిని మాస్కు పెట్టుకోమనడం న్యాయం కాదని ఎవరనగలరు? అలాంటి నియమాన్ని పాటించనని కొనుగోలుదారు పట్టుబడితే బయటకు వెళ్లమని చెప్పవచ్చు. వెళ్లకుండా బెదిరించేందుకో, అవమానించేందుకో, చికాకు పెట్టేందుకో అక్కడే తిష్ఠ వేస్తే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరపూరిత అతిక్రమణ అవుతుంది. మూడు నెలల వరకు జైలు లేదా రూ. 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ దీనికి శిక్ష.

ఉత్తర్వు తిరిగి వస్తే శిక్షలు మునుపటికన్నా బరువు. 2024 జులై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో న్యాయ సంహిత వచ్చింది. పాత 188వ సెక్షన్ ఇప్పుడు 223. ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదం తెచ్చేలా ఉత్తర్వును మీరితే పూర్వం ఆరు నెలల జైలు, రూ. 1,000 జరిమానా గరిష్ఠం. నేడు ఏడాది, రూ. 5 వేలు. అయితే ఈ సెక్షన్ కింద కోర్టు కేసు స్వీకరించాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి గాని, ఆయన పై అధికారి గాని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఊరి పెద్ద నోటిమాట చాలదు. జిల్లాలో విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే గనుక, మాస్కు ఉత్తర్వు మళ్లీ వచ్చిందని ఎవరైనా చెబితే అది ఏ చట్టం కింద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది కలెక్టరు కార్యాలయం ప్రకటనలో చూసుకోవాలి.

అందరికీ ఒకే బోర్డా?

దుకాణదారు హక్కుకు అసలు పరీక్ష ఇక్కడే. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ దుకాణంలోకి, హోటల్‌లోకి ప్రవేశం నిరాకరించరాదు. సాధారణంగా ప్రాథమిక హక్కులు ప్రభుత్వంపై చెల్లుతాయి. ఇది మాత్రం ప్రైవేటు దుకాణంపైనా చెల్లుతుంది. ఇక్కడ ‘దుకాణం’ అనే మాటను విశాలంగా అర్థం చేసుకోవాలని 2011లో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో చెప్పింది. ఆ జాబితాలో మాస్కు లేదు. అందువల్ల నిజంగా మాస్కు లేదన్న కారణంతోనే ఆపితే ఈ అధికరణం అడ్డురాదు.

‘నిజంగా’ అన్న మాటలోనే చిక్కంతా ఉంది. మోటారు సైకిల్ దిగి వచ్చిన మోతుబరికి మాస్కు లేకపోయినా కుర్చీ వేసి సరుకు కట్టించి, అదే పూట వాడ నుంచి వచ్చిన కూలీని మాస్కు లేదని గుమ్మం బయటే నిలబెడితే అది మాస్కు నియమం కాదు, మాస్కు వేసుకున్న అంటరానితనం. ‘డబ్బులు అక్కడ పెట్టు, పొట్లం విసురుతా’ అనే పద్ధతి దూరం పాటించడం పేరుతో తిరిగి వచ్చిందన్న బాధ ఆ రెండేళ్లలో గ్రామాల్లో వినిపించింది. అందరి పొట్లమూ విసిరితే అది జాగ్రత్త. కొందరిది చేతికిచ్చి కొందరిది విసిరితే నేరం. అంటరానితనం కారణంగా దుకాణ ప్రవేశాన్ని అడ్డుకోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కిందికి, సరుకు అమ్మడానికి నిరాకరించడం 6వ సెక్షన్ కిందికి వస్తాయి. నెల నుంచి ఆరు నెలల వరకు జైలు, రూ. 100 నుంచి రూ. 500 వరకు జరిమానా శిక్ష.

2020 మార్చిలో ఊరి పొలిమేరల్లో రోడ్డుకు అడ్డంగా ముళ్లకంపలు వేసిన గ్రామాలు రెండు రాష్ట్రాల్లోనూ కోకొల్లలు. భయం సహజమే. కానీ ఫలానా ఇంటివారికి సరుకులు అమ్మరాదని పెద్దలు తీర్మానం చేస్తే దానికి ఏ చట్టమూ అండగా నిలవదు. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాన్ని అలా వెలివేస్తే అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ ప్రత్యేక నేరం. తీర్మానం చేసినవారితో పాటు దాన్ని పాటించిన దుకాణదారూ చిక్కుల్లో పడవచ్చు. ఇలాంటి వివక్షపై ఫిర్యాదుకు పోలీసు స్టేషన్‌తో పాటు 14566 సహాయవాణి ఉంది.

మందుల కొట్టు, చౌకధరల దుకాణం వేరు

చీరల కొట్టుకు వర్తించే స్వేచ్ఛ మందుల కొట్టుకు వర్తించదు. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు 28వ పేరా ప్రకారం తన వద్ద ఉన్న మందును కొనడానికి వచ్చిన వ్యక్తికి అమ్మనని డీలరు అనరాదు. మందుల చట్టం నిబంధనలకు లోబడి మాత్రమే కాదనవచ్చు, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందు కావడం వంటి కారణాలుండాలి. మాస్కు అందులో లేదు. లోనికి రాకుండా కిటికీ దగ్గరే నిలబెట్టి మందు ఇవ్వవచ్చు. రూపాయికో రెండు రూపాయలకో మాస్కు ముందు కొనుక్కోమని అడగవచ్చు. ఆయాసంతో ఇన్‌హేలర్ కోసం వచ్చినవాడిని ఉత్త చేతులతో పంపరాదు. నిజానికి మాస్కు పెట్టుకుంటే ఊపిరాడనివాడే ఆ మందు కోసం వస్తాడు.

రేషన్ బియ్యం సంగతి మరీ స్పష్టం. 2013 ఆహార భద్రత చట్టం కింద కార్డుదారుకు అది హక్కు. చౌకధరల దుకాణం డీలరు ప్రభుత్వం తరఫున పంచేవాడే గాని, బేరం కాదనగల వర్తకుడు కాదు. ఉత్తర్వు అమలులో ఉన్న రోజుల్లో మాస్కు లేదని వరుసలోంచి పక్కకు తప్పించవచ్చు గాని, నెల కోటా ఎగ్గొట్టడానికి అది సాకు కాలేదు. నేడు ఆ ఉత్తర్వూ లేదు.

ఆసుపత్రులు తమ ఆవరణలో మాస్కు కోరడం సబబే, చాలాచోట్ల కోరుతున్నారు కూడా. ప్రాణాపాయ స్థితిలో వచ్చినవారిని మాత్రం ఏ కారణంతోనూ నిలిపివేయరాదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాస్కు లేకపోతే ఆసుపత్రే ఒకటి ఇచ్చి లోనికి తీసుకోవాలి.

పెట్టుకోలేనివారు

ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు అవసరం లేదని, 6 నుంచి 11 ఏళ్లవారు పెద్దల పర్యవేక్షణలో పెట్టుకోవచ్చని 2021 జూన్‌లోనే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ చెప్పింది. అయినా చంకన బిడ్డకు మాస్కు లేదని తల్లిని ఆపిన సందర్భాలు లేకపోలేదు. తీవ్ర శ్వాసకోశ వ్యాధులున్నవారు, ముఖానికి ఏదైనా తగిలితే తట్టుకోలేని ఆటిజం పిల్లలు, పెదవుల కదలికను చూసి మాట అర్థం చేసుకునే బధిరులు... వీరి విషయంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాట్లాడుతుంది. వైకల్యం కారణంగా వివక్ష కూడదు, పెద్ద భారం కానంతవరకు తగిన వెసులుబాటు కల్పించాలి అన్నది ఆ చట్టం మూలసూత్రం. వెసులుబాటు అంటే లోనికి రానిచ్చి తీరాలని కాదు. చీటీ రాసిస్తే సరుకు బయటకు తెచ్చివ్వడం, ఫోనులో చెబితే ఇంటికి పంపడం చాలు. లాక్‌డౌన్ రోజుల్లో పల్లెల్లో కిరాణా కొట్లు చేసిందీ అదే. విపత్తు చట్టం 51వ సెక్షన్‌లో కూడా ‘సహేతుక కారణం లేకుండా’ ఆదేశం పాటించనివారికే శిక్ష అని ఉంది.

చేయి వేయరాదు, జరిమానా వేయరాదు

అమ్మనని చెప్పడంతో దుకాణదారు హక్కు ముగుస్తుంది. మాస్కు లేదని వంద రూపాయలు వసూలు చేసే అధికారం ఆయనకు ఏనాడూ లేదు, ఉత్తర్వులున్న రోజుల్లోనూ అది అధికారం పొందిన సిబ్బందిదే. చేతిలోని సెల్‌ఫోను లాక్కోవడం, బండి తాళం తీసుకోవడం, షట్టరు దించి నిలబెట్టడం నేరాలు. దారికి అడ్డంగా నిలిచి కదలనివ్వకపోతే న్యాయ సంహిత 126వ సెక్షన్, కొట్టి గాయపరిస్తే 115. కౌంటరు దగ్గరి కుర్రాడు యజమాని మాట ప్రకారం చేసినా కేసు మొదట పడేది ఆ కుర్రాడిపైనే. గొడవ ముదిరేలా ఉంటే 112కు ఫోన్ చేయడం ఇద్దరికీ మేలు.

డబ్బు ముందే తీసుకొని, ఆ తర్వాత మాస్కు లేదని సరుకు ఇవ్వకపోవడం మరో సంగతి. అప్పటికి ఒప్పందం కుదిరిపోయింది. సరుకైనా ఇవ్వాలి, డబ్బైనా తిరిగివ్వాలి. సినిమా టికెట్టు, ముందుగా సొమ్ము కట్టిన ఫంక్షన్ హాలు కూడా ఇంతే. షరతు ఉంటే టికెట్టు అమ్మేటప్పుడే చెప్పాలి. గుమ్మం దగ్గర కొత్తగా చెప్పి సొమ్ము ఉంచుకుంటామంటే వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు.

ఇక నగల దుకాణాల్లో ఈ కథ తలకిందులైంది. ఒకనాడు మాస్కు లేనిదే రానివ్వని కౌంటరు దగ్గరే నేడు మాస్కు ఒకసారి దించి కెమెరా వైపు చూడమని అడుగుతున్నారు. దొంగతనాల భయం దానికి కారణం. హక్కు అదే, హద్దులూ అవే. హెల్మెట్ తీయమన్నట్లే మాస్కు దించమని అందరినీ అడగవచ్చు. ముఖంపై వస్త్రం మత ఆచారమైన మహిళ వస్తే మహిళా సిబ్బంది ఎదుట, చాటున చూపించే ఏర్పాటు చేయాలి. అది చేయకుండా ఆమెను మాత్రమే గుమ్మంలోంచి పంపేస్తే 15వ అధికరణం మళ్లీ తెరపైకి వస్తుంది.